రెండు వందల మందితో టీమ్ ఔటింగ్: ఎక్కడ కుదిరింది, ఎక్కడ కుదరలేదు

పదిహేను మంది టీమ్‌కి బాగా కుదిరిన చోటు రెండు వందల మందికి కూడా కుదురుతుందని ఎవరైనా అంటే నమ్మకండి. మా ఆఫీసు ఔటింగ్‌లు కొండ మీది అడ్వెంచర్ క్యాంపులో, సరస్సు ఒడ్డున రిసార్ట్‌లో, ఒక పెద్ద హాల్లో, ఇలా రకరకాల చోట్ల జరిగాయి. వెళ్లిన ప్రతిచోటా నేను చూసేది ఒక్కటే: ఏ నిమిషంలో చూసినా ఎంతమంది చేతిలో పని ఉంది, ఎంతమంది పక్కన నిలబడి ఫోన్ చూసుకుంటున్నారు. రిసార్ట్ వాళ్లు పంపే ఫొటోల్లో ఈ సంగతి కనపడదు.

ముందు అడ్వెంచర్ క్యాంపు గురించి. చోటు చాలా బాగుంది, సిబ్బందికి వంక పెట్టడానికి లేదు. ఒకరు బిగించిన హార్నెస్‌ను (ఒంటికి కట్టే రక్షణ బెల్టుల్ని) ఇంకొకరు మళ్లీ లాగి చూశాకే పైకి పంపేవారు. బరువు పరిమితి విషయం అందరి ముందూ అరిచి అడగకుండా పక్కకి పిలిచి మెల్లగా అడిగారు, అది నాకు బాగా నచ్చింది. కానీ జిప్‌లైన్, అంటే తీగకు వేలాడుతూ ఈ కొస నుంచి ఆ కొసకు జారే ఆట, దాని లెక్క ఒకసారి వేసి చూడండి. హార్నెస్ వేసి, కొక్కెం తగిలించి, అవతల దింపేసరికి మనిషికి 3 నిమిషాలు అనుకుందాం. 200 మందికి ఒక్క తీగ మీద 10 గంటలు పడుతుంది, రెండు తీగలున్నా 5 గంటలు. అంటే కాసేపు గాల్లో ఎగరడానికి పూటంతా ఎండలో క్యూ కట్టాలి. పోనీ త్వరగా కానివ్వండి అందామా అంటే, తొందరపడకూడని పనుల్లో అది మొదటిది. పైగా ఎత్తంటే భయమున్న మనిషి పైన బిగుసుకుపోయి నిలబడి ఉంటే కింద నుంచి మేనేజర్లంతా చప్పట్లు కొడుతూ అరవడం చూడటానికే ఇబ్బందిగా ఉంటుంది. ఇలాంటి శిక్షణలకు పేరు తెచ్చిన ఔట్‌వర్డ్ బౌండ్ అనే సంస్థ 1941లో వేల్స్‌లోని అబర్‌డోవీలో మొదలైంది, అక్కడ చిన్న చిన్న జట్లతో వారాల తరబడి కోర్సు నడిపేవారు. దాన్ని మనం ఒక్క మధ్యాహ్నంలో రెండు వందల మందికి కుదించాలని చూస్తాం.

బస టెంట్లలో. స్నేహితులతో వెళ్తే సరదాగానే ఉంటుంది గానీ, కొత్తగా చేరిన అమ్మాయిని డైరెక్టర్ మేడమ్‌తో ఒకే టెంట్‌లో వేస్తే ఇద్దరికీ నిద్ర ఉండదు. బుక్ చేసేముందు వాష్‌రూమ్‌లు ఎన్ని అని తప్పకుండా అడగండి, ఎందుకంటే పొద్దున్నే అందరూ ఒకే గంటలో తయారవ్వాలి.

సరస్సు ఒడ్డున తెప్పలు కట్టే ఆట పెట్టారు. ఖాళీ పీపాలు, కర్రలు, తాళ్లు ఇచ్చి, పదేసి మంది కలిసి తెప్ప కట్టి నీళ్ల మీద కొంతదూరం వెళ్లి రమ్మంటారు. ఇది నాకు జిప్‌లైన్ కంటే ఎంతో నచ్చింది. ముడి సరిగ్గా వేయకపోతే పీపా జారిపోతుంది, ఎవరు ఎంత బాగా మాట్లాడినా తెప్ప తేలదు! ఈత రానివాళ్లు కట్టే పనిలో ఉండి ఒడ్డున ఆగిపోవచ్చు, ఎవరూ ఏమీ అనరు. సామాను అందరికీ ఒకేసారి సరిపోదు కాబట్టి సగం మందికి పొద్దున, సగం మందికి మధ్యాహ్నం అని ముందే పంచేశారు, మంచి పని చేశారు. లైఫ్ జాకెట్లు మాత్రం అన్నీ ఒకే సైజు, లావుగా ఉన్నవాళ్లకి బకిల్ పట్టలేదు. బట్టలు మార్చుకునే గదులూ చాలలేదు. చెక్ ఇన్ అయితే మరీ ఘోరం, నాలుగు బస్సులు ఒకేసారి దిగితే కౌంటర్‌లో ఒక్కడే మనిషి. ఇంకోచోట తాళాలు కవర్లలో పెట్టి, పేర్లు రాసి బస్సులోనే పంచారు, పది నిమిషాల్లో అంతా గదుల్లో ఉన్నారు.

సరస్సు దగ్గరి నిర్వాహకులు చివర్లో తాడు లాగే పోటీ పెడతామన్నారు, ఇటు వందమంది, అటు వందమంది. మేం వద్దన్నాం. 1997లో తైపేలో 1,600 మందికి పైగా కలిసి లాగిన ఇలాంటి పోటీలోనే నైలాన్ తాడు తెగి ఇద్దరికి చేతులు తెగిపోయాయి. ప్రమాదం సంగతి పక్కన పెట్టినా, అంతమందిలో ఎవరు లాగుతున్నారో ఎవరు ఊరికే పట్టుకున్నారో తెలియదు. రింగెల్‌మాన్ అనే ఫ్రెంచ్ వ్యవసాయ ఇంజినీర్ 1913లో ప్రచురించిన లెక్కల్లో, ఒక్కడు లాగే బలం నూరు అనుకుంటే ఎనిమిది మంది కలిసి లాగినప్పుడు తలకి 49 మాత్రమే పడింది. అందరూ ఒకే క్షణంలో లాగలేకపోవడం కొంత కారణమే గానీ, 1974లో ఇంకో ప్రయోగంలో కళ్లకు గంతలు కట్టి, వెనక జనం ఉన్నారని నమ్మించినా చాలు, మనిషి లాగడం తగ్గించేశాడు. ఆఫీసులో పెద్ద మీటింగ్‌లు చూసినవాళ్లకి ఇది కొత్తేం కాదనుకోండి.

హాల్ అన్నప్పుడు సగం మంది మొహాలు మాడ్చుకున్నారు. తీరా చూస్తే అదే బాగా జరిగింది. నలుగురేసి చొప్పున యాభై బల్లలు, ప్రతి బల్ల మీదా 20 స్పఘెట్టి పుల్లలు (ఉడికించని సన్నటి పొడుగాటి పాస్తా), కాస్త టేపు, కాస్త దారం, ఒక మార్ష్‌మాలో (మెత్తటి స్పాంజిలాంటి మిఠాయి). 18 నిమిషాల్లో తనంతట తాను నిలబడే గోపురం కట్టి దాని కొసన మార్ష్‌మాలో పెట్టాలి. టామ్ వూజెక్ అనే డిజైన్ నిపుణుడు ఈ ఆటని చాలా గుంపులతో ఆడించి, బిజినెస్ స్కూల్ వాళ్ల కంటే కిండర్‌గార్టెన్ పిల్లలే ఎత్తుగా కడుతున్నారని చెప్పాడు. పిల్లలు మొదటి నుంచీ మార్ష్‌మాలో పెట్టి చూసుకుంటూ కడతారు, పెద్దవాళ్లు ప్లాన్ గీసి, ఎవరు లీడరో తేల్చుకుని, ఆఖరి నిమిషంలో పైన పెడతారు, అప్పుడు మొత్తం వంగిపోతుంది. మా దగ్గరా అచ్చం అలాగే అయింది, ముఖ్యంగా సీనియర్ల బల్ల దగ్గర. నలుగురిలో దాక్కోవడానికి చోటుండదు కాబట్టి, ఎప్పుడూ నోరు తెరవని కుర్రాడు కూడా టేపు పట్టుకుని గొడవపడ్డాడు.

హాల్ ఇబ్బంది హాల్‌ది. ఒక్క మైకు, దాని గొంతు గోడలకు తగిలి తిరిగి రావడంతో వెనక బల్లలకు నియమాలు వినపడక మళ్లీ చెప్పాల్సి వచ్చింది. ఆడించేవాడు ఒక్కడే అయితే చాలదు, బల్లల మధ్య తిరిగే మనుషులు కనీసం అయిదారుగురు కావాలి. కొటేషన్‌లో వాళ్లెంతమంది వస్తారో రాయించుకోండి, లేకపోతే వేదిక మీద ఒక్కడే జోకులేస్తూ నిలబడతాడు.

ట్రెజర్ హంట్ గురించి, అంటే ఒక్కో ఆధారం పట్టుకుని దాచినదాన్ని వెతికే ఆట గురించి, రెండు ముక్కలు. పెద్ద గుంపుకి బాగానే పనికొస్తుంది, అయితే జట్లన్నీ ఒకే ఆధారంతో మొదలుపెడితే వెనకవాళ్లు ముందువాళ్లని చూసి నడుస్తారు, ఒక్కో జట్టుకి వరస మార్చి ఇవ్వమనండి. ఎస్కేప్ రూమ్ (గదిలో ఉంచి, చిక్కుముడులు విప్పి బయటపడమనే ఆట) ఎనిమిది పది మందికి మించి పట్టదు కనుక మాలాంటి వాళ్లకి దండగ.

నా వరకు వంద దాటితే హాలే. అరవై డెబ్భై మంది అయితే సరస్సు ఒడ్డు. క్యాంపుకైతే ఒక్కో డిపార్ట్‌మెంట్‌నీ వేరువేరు వారాల్లో పంపితే తప్ప వద్దంటాను. ఆరుబయట ఏది బుక్ చేసినా వర్షం వస్తే ఏం చేస్తారో అడగండి, "ఇండోర్ గేమ్స్ ఉన్నాయి సార్" అంటే ఎంతమందికని అడగండి. మాకు చూపించిన ఇండోర్‌లో రెండు క్యారమ్ బోర్డులు, ఒక టీటీ టేబుల్ ఉన్నాయి.