తేలినీలాపురం పక్షులు, శ్రీకాకుళంలో చుట్టాలిల్లు: విశాఖ నుంచి ఒక్కరోజు అద్దె కారు ఎంతవరకు నయం?

పొద్దున్నే టెక్కలి దగ్గర పక్షులు గూళ్లు కట్టే ఊరు తేలినీలాపురం, మధ్యాహ్నం శ్రీకాకుళంలో చుట్టాలింట్లో భోజనం, రాత్రికి మళ్లీ విశాఖ. ఈ మూడూ ఒక్కరోజులో కుదరాలంటే డ్రైవరుతో అద్దె కారే దారి. నౌపడ దాకా రైలుంది కానీ, దిగాక ఆటో వెతుక్కునేలోపే పక్షులు మేతకు లేచిపోతాయి. విశాఖ ట్రావెల్స్ వాళ్లిచ్చే ఈ రోజు ప్యాకేజీకి ఐదుకు మూడున్నర వేయొచ్చు. కారు, డ్రైవరు వరకైతే నాలుగున్నరే. మార్కులు పోయేదంతా బిల్లు దగ్గర.

ఊరు దాటితే అవుట్‌స్టేషన్ లెక్క. తిరిగినా తిరక్కపోయినా సాధారణంగా రోజుకు 300 కిలోమీటర్లకు కట్టాలి. ఆపైన కిలోమీటరు చొప్పున. డ్రైవర్ బత్తా, టోల్ విడి. తేలినీలాపురం ఒకవైపే 165 దాకా ఉంటుంది. టిఫిన్ మలుపులు, చుట్టాలింటి సందులు కలిస్తే 350 దాటుతుంది. కిలోమీటరు 14 రూపాయలు చెప్పారనుకుంటే 350కి 4,900. ఇందులో పేచీ లేదు. పేచీ అంతా ‘గ్యారేజ్ టు గ్యారేజ్’ అన్న మాటలో ఉంది. షెడ్డు గాజువాకలో, మీ ఇల్లు మధురవాడలో అయితే మీరు ఎక్కకముందు, దిగిన తర్వాత కూడా మీటరు మీ ఖాతాలోనే తిరుగుతుంది. రెండువైపులా కలిపి యాభై కిలోమీటర్లు అనుకున్నా 700 రూపాయలు ఉత్తపుణ్యానికి. బుక్ చేసేటప్పుడే ‘ఎక్కిన చోటు నుంచి దిగే చోటు దాకా’ అని వాట్సాప్‌లో రాయించుకోండి. ఎక్కగానే ఒకటి, దిగగానే ఒకటి మీటరు ఫొటో తీసుకోండి.

టోల్ దగ్గరా కన్నేయాలి. దారిలో నాతవలస, మడపాం గేట్లు తగులుతాయి. 24 గంటల్లో తిరిగొస్తే ఫాస్టాగ్‌లో రానూపోనూ కలిపి ఒకవైపు టోల్‌కు ఒకటిన్నర రెట్లే పోతుంది. బిల్లులో మాత్రం రెండు రెట్లు రాసేవాళ్లున్నారు. ఫాస్టాగ్ మెసేజ్ చూపించమంటే మాట మారుతుంది. ఫాస్టాగ్ ఏడాది పాస్ ఉందని ఎవరైనా చెబితే అది సొంత కార్లకే, అద్దె బండ్ల పసుపు నంబరు ప్లేటుకు వర్తించదు. తక్కువకొస్తుందని తెల్ల ప్లేటు కారు అద్దెకు ఎక్కకండి. ప్రమాదం జరిగితే బీమా దగ్గర చిక్కు.

నలుగురికి డిజైర్ చాలు. సీఎన్‌జీ బండైతే డిక్కీలో సగం సిలిండరే, చుట్టాలకు తీసుకెళ్లే సంచులు ఒళ్లో పెట్టుకోవాల్సిందే. ఎర్టిగాలో చివరి వరుస పిల్లలకు సరే, మోకాళ్ల నొప్పులున్న అమ్మమ్మను అందులో కూర్చోబెట్టకండి.

నాలుగింటికల్లా బయలుదేరితే ఆనందపురం, తగరపువలస, రణస్థలం, శ్రీకాకుళం, నరసన్నపేట, కోటబొమ్మాళి మీదుగా మూడు గంటల్లో టెక్కలి. అక్కడి నుంచి నౌపడ వైపు తిరగాలి. డ్రైవరు ముందురోజు రాత్రి డ్యూటీ చేశాడేమో తప్పకుండా అడగండి. అసలు ప్రమాదం పొద్దున కాదు, భోజనం తర్వాత తిరుగు దారిలో.

అక్టోబరు నుంచి మార్చి దాకా సీజను, డిసెంబరు, జనవరి నెలలైతే గూళ్లలో పిల్లలు కూడా ఉంటాయి. ఊళ్లో అందరూ సైబీరియా పక్షులంటారు గానీ, ఇక్కడ గూడు కట్టే గూడబాతులూ (పెలికాన్లు), పెయింటెడ్ స్టార్క్ అనే రంగుల కొంగలూ దక్షిణాసియావే. మన దగ్గర పుట్టి పెరిగేవే. పసుపు ముక్కు, ఈకల్లేని నారింజ తల, తోక దగ్గర గులాబీ ఈకలు ఉన్నది కొంగ. బూడిద రంగులో ఉండి, పై ముక్కు పొడవునా చుక్కలున్నది గూడబాతు. మేత పెట్టే తీరూ వేరు. కొంగ తెచ్చిన చేపల్ని గూట్లో కక్కితే పిల్లలు ఏరుకుంటాయి. గూడబాతు పిల్ల అయితే తల్లి గొంతు సంచిలోకి తల మొత్తం దూర్చేస్తుంది. మొదటిసారి చూసినవాళ్లు పిల్లను మింగేస్తోందనే అనుకుంటారు. ఎండెక్కాక కొంగలు రెక్కలు విప్పి పిల్లలకు నీడనిస్తాయి. తొమ్మిది దాటితే మాత్రం చిత్తడి నేలల వైపు ఆవిరి లేచి ఏదీ స్పష్టంగా కనబడదు.

బైనాక్యులర్ 8x42, అంటే ఎనిమిది రెట్లు పెద్దగా చూపేది, సరిపోతుంది. పది రెట్లు చూపే 10x చేతిలో వణుకుతుంది. ఏసీ కార్లోంచి దాన్ని ఒక్కసారిగా బయటికి తీస్తే తీరప్రాంతపు తేమకు అద్దాలన్నీ మంచు పట్టేస్తాయి, పావుగంట పోతుంది. టెక్కలి దాటగానే ఏసీ ఆపించి కిటికీలు దించేయండి. ఇంకోటి, కారు చింతచెట్ల కింద పెట్టనివ్వొద్దు. రెట్టలు, జారిపడ్డ చేపముక్కలు, వాసన. ఎండలో ఎండిన రెట్ట పెయింటును తినేస్తుంది, కడుగుడు ఖర్చు బిల్లెక్కుతుంది. ఊళ్లోకి వచ్చాక హారన్ కొట్టొద్దని డ్రైవరుకు ముందే చెప్పండి.

చుట్టాలిల్లు తిరుగు దారిలోనే పెట్టుకోవాలి. పోయేటప్పుడు ఆగితే టీ దగ్గర గంట, టిఫిన్ దగ్గర ఇంకో గంట, ఇక పక్షుల సంగతి మర్చిపోవచ్చు. పదిన్నరకు టెక్కలి వదిలితే పన్నెండుకు శ్రీకాకుళం. డ్రైవరు భోజనం సంగతి పిన్నికి ముందే ఫోన్లో చెప్పండి, ఆవిడే పిలిచి వడ్డిస్తుంది. అన్నం పెట్టారు కదా అని బత్తా కోయకూడదు, అది వేరే లెక్క. పలాస జీడిపప్పు మీద మనసు పడితే రానూపోనూ యాభై కిలోమీటర్లకు పైనే పెరుగుతుంది. అరసవల్లి దర్శనం మాత్రం ఊళ్లోనిదే, మీటరు మీద బరువు పడదు.

‘అప్పుడే ఏటి తొందర, ఉండండి’ అని మావయ్య ఎంత పట్టుబట్టినా నాలుగున్నరకు లేవాలి. చీకటి పడితే హైవే మీద లారీలు, ఆనందపురం నుంచి లోపలికి ట్రాఫిక్. చాలామంది రాత్రి పది దాటితే నైట్ ఛార్జి వేస్తారు. అది ఎన్నింటికి మొదలవుతుందో కూడా పొద్దున వాట్సాప్‌లోనే రాయించుకుంటే దిగేటప్పుడు గుమ్మం ముందు వాదన ఉండదు.