రేడియేటర్ మార్చాక గేర్ ఆయిల్ తగ్గితే: పాత కామ్రీతో మూడేళ్ల అనుభవం

మా ఇంట్లో రెండో బండి 2004 టొయోటా కామ్రీ. నాలుగు సిలిండర్ల ఇంజిన్, నాలుగు గేర్ల ఆటోమేటిక్. మేముండేది డాలస్ పక్కన ఇర్వింగ్‌లో. టెక్సస్ ఎండలకు పాత బండ్లలో రబ్బరు, ప్లాస్టిక్ ముందుగా చేతులెత్తేస్తాయి. మా రేడియేటర్ పై ట్యాంకు కూడా అలాగే పగిలింది. అన్నేళ్లు నిలబడిన ప్లాస్టిక్‌ను తిట్టడానికేమీ లేదు. కొత్తది వేయించి మూడేళ్లు దాటింది. ఆ రేడియేటర్ ఎలా ఉంది, దాంతోపాటు వచ్చిపడ్డ గేర్ ఆయిల్ గొడవ ఏమిటి, తర్వాత పోసిన ఆయిల్ ఎలా పనిచేసింది అన్నది ఇన్నాళ్లు నడిపాక రాస్తున్నాను.

రేడియేటర్ సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. టొయోటాది కాదు, వేరే కంపెనీ తయారుచేసినది. బోల్టులు, ఫ్యాన్ బిగించే చోట్లు అన్నీ సరిగ్గా కుదిరాయి. ఆగస్టులో ఏసీ వేసుకుని ట్రాఫిక్‌లో నిలబడినా టెంపరేచర్ ముల్లు కదల్లేదు. కింద కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) వదిలే ప్లాస్టిక్ బిరడా మాత్రం నాసిరకం, చేత్తో తిప్పుతుంటేనే అరిగేలా ఉంది. మిగతా అంతా బాగుంది. మళ్లీ కొనాల్సి వచ్చినా ఇదే కొంటాను.

అసలు కథ గేర్‌బాక్స్‌ది. రేడియేటర్ అంటే ఇంజిన్‌ను చల్లబరిచేదని అందరికీ తెలుసు. ఇలాంటి ఆటోమేటిక్ బండ్లలో అది ఇంకో పని కూడా చేస్తుంది. కింది ట్యాంకు లోపల చిన్న కూలర్ ఒకటి ఉంటుంది. గేర్‌బాక్స్‌లో కాగిన ఆయిల్ ఒక రబ్బరు పైపులో వచ్చి, ఆ కూలర్‌లో తిరిగి చల్లబడి, రెండో పైపులో వెనక్కి పోతుంది. రేడియేటర్ ఊడదీయాలంటే ఆ రెండు పైపులూ పీకాల్సిందే. పీకగానే ఎర్రటి ఆయిల్ కారిపోతుంది. కూలర్‌లో మిగిలింది పాత రేడియేటర్‌తోపాటే చెత్తలోకి పోతుంది. కొత్తదాని కూలర్ ఖాళీగా వస్తుంది కాబట్టి ఇంజిన్ స్టార్ట్ చేయగానే గేర్‌బాక్స్‌లో ఉన్న ఆయిలే వెళ్లి దాన్ని నింపుతుంది. ఇవన్నీ కలిపి అర లీటరు నుంచి లీటరు దాకా తగ్గడం మామూలే. ఆ మేరకు మళ్లీ పోయాలి. మాకు పనిచేసిన షాపు పోయలేదు. బిల్లులో రేడియేటర్, కూలెంట్, కూలీ ఉన్నాయి, ట్రాన్స్‌మిషన్ ఫ్లూయిడ్ (నేను గేర్ ఆయిల్ అంటున్నది ఇదే) అన్న లైనే లేదు. మీ బండికి ఈ పని చేయిస్తే ముందు బిల్లులో ఆ లైను ఉందో లేదో చూడండి.

లక్షణాలు ఒక్కసారిగా బయటపడలేదు. మొదట పొద్దున్నే రివర్స్ వేస్తే బండి ఓ క్షణం ఆలోచించి కదిలేది. తర్వాత సిగ్నల్ దగ్గర ఎడమకు తిరుగుతూ యాక్సిలరేటర్ తొక్కితే ఇంజిన్ మోత పెరిగేది కానీ వేగం పెరిగేది కాదు. మలుపు పూర్తయ్యాక గేర్ దబ్బున పట్టుకునేది. హైవే ఎక్కి తిన్నగా పోతే ఏ గొడవా లేదు. మలుపులోనే ఎందుకంటే, ఆయిల్ తక్కువున్నప్పుడు అది పాన్‌లో, అంటే గేర్‌బాక్స్ అడుగున ఆయిల్ నిలిచే పళ్లెంలో, ఒక పక్కకు ఒరిగి, పంపు గాలి పీలుస్తుంది. ఆటోమేటిక్‌లో గేర్లను పట్టి ఉంచేది ఆయిల్ ప్రెషరే. గాలి చేరితే ప్రెషర్ పడిపోయి లోపలి క్లచ్ ప్లేట్లు జారతాయి. జారితే వేడెక్కుతాయి, అలాగే నడిపితే మాడతాయి. అందుకే దీన్ని చూద్దాంలే అని వదిలేయకూడదు.

షాపుకు ఫోన్ చేస్తే, "బండి పాతది కదా, ట్రాన్స్‌మిషన్ పోతున్నట్టుంది, రీబిల్డ్ చేయించుకోవాలి" అన్నారు. అంటే గేర్‌బాక్స్ మొత్తం విప్పి, పాడైన భాగాలు మార్చి మళ్లీ బిగించడం. వాళ్లు చెప్పిన ధరకు ఇలాంటి కామ్రీ ఇంకోటి వస్తుంది. నిన్నటిదాకా వెన్నలా మెత్తగా పడిన గేర్లు రేడియేటర్ మార్చిన వారంలోనే ఎందుకు పాడవుతాయి అని అడిగితే సరైన జవాబు లేదు. ఫోన్ పెట్టేసి బానెట్ ఎత్తాను.

ఈ కామ్రీకి గేర్ ఆయిల్ చూసుకోవడానికి విడిగా డిప్‌స్టిక్ (ఆయిల్ ఎంతుందో చూసే కొలత పుల్ల) ఉంది. ఈ బండిలో నాకు అన్నిటికన్నా నచ్చిన సదుపాయం అదే. కానీ దాన్ని ఇంజిన్ ఆయిల్ చూసినట్టు చూస్తే కుదరదు. ముందు బండిని కాసేపు బాగా తిప్పి ఆయిల్ వేడెక్కనివ్వాలి. మాన్యువల్ లెక్క ప్రకారం 70 నుంచి 80 డిగ్రీల సెల్సియస్. చదునుగా ఉన్న చోట ఆపి, హ్యాండ్ బ్రేక్ వేసి, బ్రేక్ తొక్కిపట్టి గేరు పార్క్ నుంచి లో దాకా ఒక్కో చోట కాస్త ఆపుతూ జరిపి, మళ్లీ పార్క్‌లోకి తేవాలి. ఇంజిన్ నడుస్తూనే ఉండాలి. ఆపేస్తే పైనున్న ఆయిల్ కిందికి దిగి, ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది.

డిప్‌స్టిక్ మీద కూల్ అని ఒక జత గీతలు, హాట్ అని ఇంకో జత గీతలు ఉంటాయి. వేడి బండికి హాట్ గీతల మధ్య ఉండాలి. మాది కూల్ కింది గీతకు కూడా అందలేదు, చివర కొంచెం తడి తగిలింది అంతే. ఇక్కడ ఇంకో తిరకాసుంది. కొత్త ఆయిల్ లేత ఎరుపు, మెరిసే ఉక్కు మీద అసలు కనబడదు. డిప్‌స్టిక్‌ను తెల్ల కాగితం మీద వాల్చి చూస్తే గీత తెలుస్తుంది. రెండు వైపులా రెండు రకాలుగా చూపిస్తే తక్కువ చూపించే వైపే నమ్మాలి. పోసేది కూడా ఆ డిప్‌స్టిక్ గొట్టంలోనే కాబట్టి, పోసిన వెంటనే చూస్తే గొట్టం గోడలకంటిన ఆయిల్ డిప్‌స్టిక్‌కు పూసుకుని పైదాకా ఉన్నట్టు చూపిస్తుంది. కొన్ని నిమిషాలు ఆగి, బాగా తుడిచి మళ్లీ చూడాలి. తుడిచే గుడ్డ నూలు రాలేది కాకూడదు, ఆ పోగులు లోపలికి పోతే వాల్వులకు అడ్డం పడతాయి.

పొడుగు మూతి ఉన్న గరాటు లేకుండా ఈ పని మొదలుపెట్టకండి. కొంచెం పోయడం, గేర్లన్నీ తిప్పడం, ఆగి చూడటం, ఇలా చేస్తూ పోతే దాదాపు ఒక క్వార్ట్ సీసా పట్టింది. క్వార్ట్ అంటే లీటరుకు కాస్త తక్కువ, 946 మిల్లీలీటర్లు. తొందరపడి ఒకేసారి ఒంపేయకూడదు. ఎక్కువైతే తిరిగే భాగాలు ఆయిల్‌ను చిలికి నురగ చేస్తాయి, నురగలో ఉండేది మళ్లీ గాలే. పోయడం సులువు, తీయడం చాలా కష్టం.

ఆ సాయంత్రమే రివర్స్ టక్కున పడింది. మలుపుల్లో మోత పోయింది. రీబిల్డ్ అన్నది ఒక సీసాతో తేలిపోయింది.

ఆయిల్ విషయానికొస్తే, ఈ గేర్‌బాక్స్‌కు టొయోటా చెప్పింది టైప్ టీ-ఫోర్. అన్ని బండ్లకూ పనికొస్తుందని రాసి ఉన్న సీసాలు సూపర్‌మార్కెట్లలో తక్కువకే దొరుకుతాయి. వాటితో హాయిగా నడిపేవాళ్లూ ఉన్నారు. నేను మాత్రం టీ-ఫోరే వాడాను, కొన్ని డాలర్ల తేడాకు ప్రయోగాలు అనవసరం. జాగ్రత్త పడాల్సింది ఇంకోటుంది. టొయోటాదే డబ్ల్యూఎస్ అనే కొత్త ఆయిల్ పక్క షెల్ఫులోనే ఉంటుంది. అది దీనికంటే పలచన, ఒకదాని బదులు ఒకటి పోసేది కాదు. తర్వాత పాన్ బోల్టు విప్పి పాత ఆయిల్ దింపి కొత్తది పోశాను. ఒకసారికి దిగేది మూడున్నర లీటర్లే, మిగతాది టార్క్ కన్వర్టర్‌లో (ఇంజిన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కు అందించే భాగం) ఉండిపోతుంది. అందుకే కొన్ని నెలలు ఎడం ఇచ్చి ఇంకోసారి మార్చాను. రెండోసారి దిగిన ఆయిల్ రంగు చూస్తే తృప్తిగా అనిపించింది, మాడు వాసన లేదు. మూడేళ్ల తర్వాత గేర్లు ఎలా ఉన్నాయంటే, చలికాలం పొద్దున రెండు నుంచి మూడుకు మారేటప్పుడు చిన్న కుదుపు ఉంటుంది. అది రేడియేటర్ మార్చకముందు కూడా ఉండేది. ఇంకే తేడా లేదు.

పోసిన తర్వాత కూడా లెవెల్ తగ్గుతోందేమో చూసుకోవాలి. పైపులకు వేసే స్ప్రింగ్ క్లాంపులు పాతవే మళ్లీ వాడితే పట్టు తగ్గి చెమ్మ కారొచ్చు. ఈ బండిలో ఆయిలూ ఎరుపే, కూలెంటూ ఎరుపే, కింద చుక్క కనబడితే ఏదో తెలియదు. రాత్రి బండి కింద అట్టముక్క పరిచి పెట్టండి. ఆయిలైతే అట్టలోకి ఇంకి చుట్టూ జిడ్డు వలయం పాకుతుంది, వేళ్లమధ్య జారుతుంది. కూలెంటైతే తియ్యటి వాసన, ఆరాక పొడి గీత మిగులుతుంది. మాకు ఒక పైపు దగ్గర ఆయిల్ చెమ్మ కనబడింది, కొత్త క్లాంపు వేశాక ఆగిపోయింది. వచ్చేసారి కూలెంట్ మార్చేటప్పుడు ఆ రెండు రబ్బరు పైపులూ మార్చేస్తాను.

అసలు భయపడాల్సింది కారడం గురించి కాదు, లోపల కూలర్ గోడ చిట్లి ఆయిలూ కూలెంటూ కలిసిపోవడం గురించి. 2005 నుంచి 2010 దాకా వచ్చిన నిస్సాన్ పాత్‌ఫైండర్, ఫ్రాంటియర్, ఎక్స్‌టెర్రాల్లో ఇది పేరుమోసిన సమస్య. డిప్‌స్టిక్ మీద గులాబీ రంగు పాలలాంటి ద్రవం కనిపిస్తే పైన పోయడం కాదు, బండిని అక్కడే ఆపి టో చేయించడమే.

ఇదంతా డిప్‌స్టిక్ ఉన్న బండ్ల ముచ్చట. ఆరు గేర్ల కామ్రీలకు అది ఉండదు, ఆయిల్‌ను కచ్చితమైన వేడికి తెచ్చి కింద బోల్టు విప్పి చూడాలి. అది షాపులో చేయించుకోవడమే మేలు. పాత హోండాల్లో పద్ధతి వేరు, వేడెక్కించి ఇంజిన్ ఆపేసి 60 నుంచి 90 సెకన్లలో చూడాలి. హైదరాబాద్‌లో ఏఎంటీ స్విఫ్ట్ నడిపే మా బావమరిది ఇదంతా విని టెన్షన్ పడ్డాడు. వాడి గేర్‌బాక్స్ మామూలు మాన్యువలే, క్లచ్ నొక్కి గేరు మార్చే పని మాత్రం యంత్రమే చేసిపెడుతుంది. రేడియేటర్‌లోకి గేర్ ఆయిల్ పైపులు పోవు, వాడికి ఈ బాధ లేదు. టార్క్ కన్వర్టర్ ఉన్న ఆటోమేటిక్ అయితే మాత్రం రేడియేటర్ పనికి ఇచ్చేముందే అడగాలి. నేనిప్పుడు అడిగేది ఒక్కటే: "పైపులు పీకినప్పుడు కారే ఆయిల్‌ను కూలెంట్‌లో కలవనివ్వకుండా విడిగా పట్టి, ఎంతో కొలిచి, అంత కొత్తది పోస్తారా?" అవునన్న షాపుకే తాళాలిస్తాను.