మాలకొండ ఎక్కేవాళ్లకు ఓఆర్ఎస్ ప్యాకెట్: ఏది కొనాలి, ఎలా కలపాలి

కందుకూరు వైపున్న మాలకొండ మీద నరసింహస్వామి దర్శనం శనివారం మాత్రమే. వారమంతా రావాల్సిన జనం ఒక్కరోజే వస్తారు కాబట్టి ఎక్కేటప్పటికన్నా వరసలో నిలబడ్డప్పుడే ఎక్కువ చెమట పోతుంది. రోహిణి కార్తెలోనైతే చెప్పక్కర్లేదు. అందుకే మంచినీళ్లతో పాటు సంచిలో ఒక ఓఆర్ఎస్ ప్యాకెట్, అంటే ఒంట్లో పోయిన నీళ్లనూ ఉప్పులనూ తిరిగి నింపే పొడి, ఉండాలి. ఏ ప్యాకెట్ అన్నదగ్గరే చాలామంది పొరబడతారు.

మందుల షాపులో డబ్ల్యూహెచ్‌ఓ (ప్రపంచ ఆరోగ్య సంస్థ) ఫార్ములా అని రాసి ఉన్న పొడినే అడగండి. లీటరు నీళ్లకు ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజు 13.5, పొటాషియం క్లోరైడు 1.5, ట్రైసోడియం సిట్రేటు 2.9, మొత్తం 20.5 గ్రాములు. రుచి కలిపినవి కాస్త ఎక్కువ తూగుతాయి. పేగుల్లో ఉప్పూ గ్లూకోజూ జోడుగా ఒంట్లోకి పోతాయి, వాటి వెంటే నీళ్లూ పోతాయి. తీపి మితిమీరితే ఒంట్లోని నీళ్లే పేగుల్లోకి దిగి విరేచనాలు పట్టుకుంటాయి. కొండమీద అంతకన్నా అవస్థ ఉండదు.

అట్టపెట్టెల్లో అమ్మే తియ్యటి పానీయాలతో చిక్కు అదే. ఫార్ములాకు సరిపోని పానీయాల పేర్లలో ‘ఓఆర్ఎస్’ మాట వాడొద్దని 2025 అక్టోబరులో దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆదేశించింది. పేరు మారినా డబ్బా అదే రంగులో ఉండొచ్చు, వెనకవైపు పాళ్లు చదవండి.

ఇక కలపడం. 20.5 గ్రాముల పెద్ద ప్యాకెట్‌కు లీటరు సీసానే కావాలి. అరలీటరులో మొత్తం కుమ్మరిస్తే రెట్టింపు చిక్కనవుతుంది, కళ్లతో సగం కొలిస్తే ఉప్పు ఒకవైపే పోవచ్చు. 200 మిల్లీలీటర్ల చిన్న పొట్లాలు గ్లాసుకు బాగుంటాయిగానీ అరలీటరు సీసాకు రెండున్నర కావాలి, ఆ అరే తంటా. చెమట చేత్తో పోస్తే సీసా మూతి దగ్గరే పొడి అంటుకుపోతుంది. శుభ్రమైన తెల్లకాగితాన్ని గరాటులా చుట్టి ఇంటి దగ్గరే కలుపుకోండి, 24 గంటల్లో తాగేయాలి. నాలుకకు కన్నీటికన్నా ఉప్పగా తగిలితే పారబోయండి. సముద్రపు చెమ్మకు గడ్డకట్టినా, రంగు మారినా ఆ ప్యాకెట్ వద్దు. పంచదార, గోలీసోడా కలపొద్దు.

పైనున్న అమ్మవారి గుడికి రెండు బండల మధ్య ఇరుకు చీలికలోంచి పోవాలి. వీపున లావుపాటి సంచి అక్కడ ఇరుక్కుంటుంది, సీసాను చేత్తో పట్టుకోవడమే నయం. గటగటా తాగొద్దు, గుక్కగుక్కగా తాగండి.

గంటలో దిగొచ్చే ఆరోగ్యవంతుడికి ఇదేమీ అక్కర్లేదు, ఉప్పేసిన పల్చటి మజ్జిగ చాలు. బీపీ, షుగరు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు డాక్టర్ని అడిగే వాడాలి. ఒళ్లు కాలిపోతూ మాట తడబడితే మాత్రం నోట్లో ఏమీ పోయకుండా నీడకు చేర్చి, ఒళ్లంతా తడిపి గాలి విసురుతూ 108కి ఫోన్ చేయండి.