గుర్రాలతో క్యాంపింగ్: సేజ్ క్రీకా, ఫ్రెంచ్ క్రీకా?

ఈ రెండు క్యాంపింగ్ స్థలాలూ అమెరికాలోని సౌత్ డకోటాలోనే ఉన్నాయి, గుర్రాలను రెండు చోట్లా రానిస్తారు. పోలిక అంతటితో సరి.

బ్యాడ్‌లాండ్స్ నేషనల్ పార్కులోని సేజ్ క్రీక్‌లో క్యాంపింగ్‌కు విడిగా రుసుము లేదు, రిజర్వేషన్ కూడా లేదు. చుట్టూ గడ్డి మైదానం, గుంట మరుగుదొడ్లు, అంతే. అసలు చిక్కు నీళ్లతోనే. అక్కడ తాగునీరు దొరకదు. ఒక్కో గుర్రం రోజుకు 20 నుంచి 40 లీటర్లు తాగుతుంది, ఎండాకాలంలో ఇంకా ఎక్కువ. రెండు గుర్రాలతో రెండు రాత్రులంటే వాటికే 160 లీటర్ల దాకా మోసుకెళ్లాలి. మన నీళ్లు దానికి అదనం! మేత కూడా కలుపు విత్తనాలు లేవని ధ్రువీకరించినదే తేవాలి. మంట వేయడం నిషేధం, కాబట్టి వంటకు గ్యాస్ స్టవ్ తప్పదు. అడవిదున్నలాంటి బైసన్‌లు డేరాల మధ్యకే వచ్చేస్తాయి. వాటిని చూసి ఎరగని గుర్రం బెదిరిందంటే రాత్రంతా టెన్షనే. వాన పడితే మట్టిరోడ్డు జారుడుబల్ల అవుతుంది.

కస్టర్ స్టేట్ పార్కులోని ఫ్రెంచ్ క్రీక్ హార్స్ క్యాంప్ గుర్రాలతో వచ్చేవాళ్ల కోసమే కట్టింది. గుర్రాలకు దొడ్లు, మనకు స్నానాల గదులు, కరెంటు ఉంటాయి. డబ్బు కట్టాలి, ముందే బుక్ చేసుకోవాలి.

మొదటిసారైతే ఫ్రెంచ్ క్రీకే నయం. గుర్రం కొత్తచోట నిలకడగా ఉంటుందని తెలిశాక మాత్రం నా ఓటు సేజ్ క్రీక్‌కే. దీపాల్లేని ఆ ఆకాశం కోసం ఎన్ని నీళ్ల డబ్బాలైనా మోయొచ్చు.