ప్యాంక్రియాస్ క్యాన్సర్‌కి రక్తపరీక్ష: సీఏ 19-9 మేలా, మైక్రో ఆర్‌ఎన్‌ఏ మేలా?

ముందే చెప్పేస్తాను, ఈరోజుకి డాక్టర్లు రాసేది సీఏ 19-9 మాత్రమే, అంటే రక్తంలో ఆ పేరున్న పదార్థం ఎంతుందో చూసే పరీక్ష. అలాగని అదేదో గొప్ప పరీక్ష అనుకోకండి. కామెర్లు వచ్చినా, పిత్తనాళం మూసుకుపోయినా, ప్యాంక్రియాస్ వాచినా అది పెరుగుతుంది. నార్మల్ హద్దయిన 37 దాటిందని టెన్షన్‌తో నిద్ర మానేసి, చివరికి పిత్తాశయంలో రాళ్లని తేలినవాళ్లు బోలెడుమంది. అంతకంటే పెద్ద చిక్కు ఇంకోటుంది: నూటికి ఐదు నుంచి పది మందికి, వీళ్లది లూయిస్ నెగటివ్ రక్తవర్గం అంటారు, పుట్టుకతోనే ఈ పదార్థం ఒంట్లో దాదాపు తయారే కాదు. గడ్డ పెరుగుతున్నా వాళ్ల రిపోర్టు నార్మల్‌గానే రావచ్చు.

మైక్రో ఆర్‌ఎన్‌ఏ మీద నాకు ఆశ ఉన్నది ఇక్కడే, ఎందుకంటే దానికి లూయిస్ గొడవ లేదు. సుమారు 22 న్యూక్లియోటైడ్లు (గొలుసులో పూసల్లాంటివి) ఉన్న చిన్న ఆర్‌ఎన్‌ఏ ముక్కలివి, జన్యువుల పనిని అదుపు చేస్తాయి (2024 నోబెల్ అంబ్రోస్, రువ్‌కున్‌లకి వచ్చింది వీటిని కనుక్కున్నందుకే). ప్రొటీన్లకి అతుక్కునో, కణాలు వదిలే సన్నటి తిత్తుల్లోనో ఉంటాయి కాబట్టి రక్తంలో త్వరగా చెడిపోవు.

కానీ ఒక్కదాన్నే పట్టుకుని తీర్పు చెప్పలేం. మిర్-21 అనే మైక్రో ఆర్‌ఎన్‌ఏనే చూడండి, ప్యాంక్రియాస్ క్యాన్సర్‌లో పెరుగుతుంది సరే, రొమ్ము, పెద్దపేగు క్యాన్సర్లలోనూ పెరుగుతుంది. అందుకే కొన్నిటిని కలిపి ప్యానెల్‌గా చూస్తారు. డెన్మార్క్‌లో 409 మంది రోగులతో చేసి 2014లో ప్రచురించిన అధ్యయనం అలాంటిదే, అందులో ప్యానెల్‌కి సీఏ 19-9 జోడిస్తే ఫలితం కాస్త మెరుగైంది. కాస్తే. పైగా రక్తం తీసేటప్పుడు ఎర్రకణాలు చితికితే చాలు, వాటిలోని మిర్-451, మిర్-16 బయటికొచ్చి లెక్క తప్పిస్తాయి. ఒక ల్యాబ్‌లో తేలింది ఇంకో ల్యాబ్‌లో తేలకపోవడానికి ఇదో కారణం.

ఇక ఆరోగ్యంగా ఉన్నవాళ్లు చెకప్ ప్యాకేజీలో చేయించుకోవడమా? రెండూ వద్దు. నూటికి పదిమందికి తప్పుగా పాజిటివ్ చూపే పరీక్ష లక్షమందికి చేస్తే పదివేలమంది అనవసరంగా స్కాన్‌ల చుట్టూ తిరుగుతారు. మన దేశంలో ఆ లక్షలో ఏడాదికి కొత్తగా ఈ జబ్బు బయటపడేవాళ్లని వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. యాభై దాటాక ఉన్నట్టుండి షుగర్ వచ్చి బరువు కూడా తగ్గుతుంటేనో, ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఈ క్యాన్సర్ ఉంటేనో డాక్టర్‌ని అడగాల్సింది సీటీ, ఎమ్మారై, ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్‌ల గురించి.

జబ్బు ఖాయమైనవాళ్లకి మాత్రం సీఏ 19-9 పనికొస్తుంది. కామెర్లు తగ్గాక ఒకసారి చేయించి ఆ అంకె దగ్గర పెట్టుకోండి, ఆపరేషన్ తర్వాత, కీమో మధ్యలో దానితోనే పోల్చి చూస్తారు.