హెమింగ్వే ఇంటిపేరు చరిత్ర పటం: ఐదుకి రెండు స్టార్లు

ఇంగ్లీషువాళ్ల ఇంటిపేరు ఏదైనా ఇస్తే దాని పుట్టుపూర్వోత్తరాలు, ఏ కౌంటీలో (మన జిల్లాలాంటిది) ఎంతమంది ఉండేవారో చూపే మ్యాపు, పైన డాలూ సింహాలూ ఉన్న కోట్ ఆఫ్ ఆర్మ్స్, అంటే వంశచిహ్నం బొమ్మ, అన్నీ ఒకే కాగితం మీద కూర్చి పంపే ఆన్‌లైన్ సర్వీసండి ఇది. కంపెనీ పేరు చెప్పను. ఇలాంటివి నెట్‌లో బోలెడు, అన్నీ ఒకే మూసలో ఉంటాయి. మన రూపాయల్లో రెండువేల పైచిలుకు పడింది. వచ్చేది పీడీఎఫ్ మాత్రమే. ప్రింటు ఖర్చు మనదే.

అమలాపురంలో రిటైరై కూర్చున్న లైబ్రేరియన్‌కి ఇంగ్లీషోడి ఇంటిపేరుతో ఏం పనని మా ఆవిడా అడిగింది. పనుందండి. మన గోదావరి జిల్లా గెజిటీరు, అంటే జిల్లా వివరాలన్నీ కూర్చిన సర్కారీ పుస్తకం, 1907లో మద్రాసులో అచ్చయింది, రాసినాయన ఎఫ్. ఆర్. హెమింగ్వే అనే ఐ.సి.ఎస్. అధికారి. తంజావూరు, తిరుచిరాపల్లి గెజిటీర్లూ ఆయనవే. నేను ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ కాలవల మీద వ్యాసం రాసేవాళ్లూ, లంకభూముల తగాదాల్లో పాత వివరాలు కావాల్సిన వకీళ్లూ వచ్చి "హెమింగ్వే ఉందాండి?" అనే అడిగేవారు. గెజిటీరు అన్నవాడు లేడు. ఒక కాలేజీ కుర్రాడైతే "ఆ అమెరికా నవలా రచయిత మన జిల్లాకి ఎప్పుడొచ్చాడండీ?" అన్నాడు. ఆ అమెరికా ఎర్నెస్ట్ హెమింగ్వేకి ఈ పుస్తకం అచ్చయ్యేనాటికి ఎనిమిదేళ్లు, నాయనా!

మా వీధి రీడింగురూములో గెజిటీరు మొదటి పేజీ నకలు ఒకటి ఫ్రేము కట్టించి పెట్టాం. దాని పక్కన ఈ ఇంటిపేరు కథ కూడా ఉంటే చూసేవాళ్లకి సరదాగా ఉంటుందని నా ఆలోచన. మనవడు లీడ్స్‌లో చదువుతున్నాడు, వాడి కార్డుతో ఆర్డరు పెట్టించాను.

ముందు మంచి చెబుతాను. ఫైలు చెప్పిన రోజుకి వచ్చింది. గడియారస్తంభం దగ్గర ఫొటో స్టూడియోలో పెద్ద సైజులో తీయిస్తే అక్షరం ఎక్కడా పగల్లేదు, అంచు డిజైను బాగుంది, రంగులు కళ్లకి కొట్టలేదు. స్టూడియో అబ్బాయి "ఏదో రాజుగారి పత్రంలా ఉందండి" అన్నాడు. వాళ్లకి కావాల్సిందీ అదే అనుకుంటాను.

ఇక ఆ డాలు బొమ్మ. దాని కింద "హెమింగ్వే కుటుంబ చిహ్నం" అని రాశారు. అలాంటిదేదీ ఉండదండి. ఇంగ్లండులో ఈ చిహ్నాల వ్యవహారం చూసే కాలేజ్ ఆఫ్ ఆర్మ్స్ 1484 నుంచీ ఉంది. వాళ్లు మొదటినుంచీ చెప్పేది ఒకటే: చిహ్నం ఒక మనిషికి ఇస్తారు, అది అతని మగసంతానానికి దిగుతుంది, అంతేగాని ఇంటిపేరు కలిసిన ప్రతివాడికీ దాని మీద హక్కు రాదు. పేరు కలిసినంత మాత్రాన పిఠాపురం రాజావారి ముద్ర మనం కాగితాల మీద కొట్టుకోం కదా. ఈ కంపెనీలన్నీ బతికేది మాత్రం ఆ బొమ్మ మీదే. కొనేవాళ్లు చూసేదీ అదే.

చరిత్ర భాగం చదివితే నాకు కోపమే వచ్చింది. మూడు పేరాలు. 1066లో విలియం దండయాత్ర, నార్మన్లు, రాజులు, యుద్ధాలు. పేరు తీసేసి ఇంకో పేరు పెడితే అక్షరం మార్చక్కర్లేదు. చివర్న ఒక్క ముక్క "యార్క్‌షైర్‌లో కనబడుతుంది" అని. ఆ ఒక్క ముక్కనే పట్టుకుని విప్పితే ఎంత కథ ఉందో!

ఈ ఇంటిపేరు పుట్టింది యార్క్‌షైర్ వెస్ట్ రైడింగ్‌లో, అంటే ఆ కౌంటీ పడమటి భాగంలో, హాలిఫాక్స్ పట్నాన్ని ఆనుకుని గుట్ట మీద ఉన్న సౌత్‌అవ్‌రమ్ అనే ఊరి పొలిమేరలో. అక్కడ హెమ్మింగ్ అనేవాడి పేరు మీద ఒక దారి, ఆ దారి పేరుతో ఒక చిన్న నివాసం ఉండేవి. ఆ చోటు ఇప్పుడు ఏ మ్యాపులోనూ లేదు. చోటు పోయింది, ఇంటిపేరుగా మిగిలింది. హాలిఫాక్స్ అప్పట్లో ఇంగ్లండులోకెల్లా పెద్ద పారిష్‌లలో (ఒక చర్చి కింద ఉండే ప్రాంతం) ఒకటి. కొండలూ లోయలూ, మనలా ఒకచోట గుమిగూడిన ఊళ్లు కాదు, విడివిడిగా విసిరేసినట్టు పొలం ఇళ్లు. పదమూడు, పద్నాలుగు శతాబ్దాల్లో ఇంటిపేర్లు స్థిరపడే వేళకి ఒక్కో పొలానికి ఒక్కో కుటుంబం, ఆ పొలం పేరే వాళ్ల ఇంటిపేరు. సట్‌క్లిఫ్, మర్గట్‌రాయిడ్, బారాక్లఫ్, గ్రీన్‌వుడ్, అన్నీ ఆ లోయల చుట్టుపక్కల పుట్టిన పేర్లే. ఆ తర్వాత ఎటూ పోకుండా అక్కడే గొర్రెలు కాస్తూ, ఉన్ని నేస్తూ వందల ఏళ్లు ఉన్నారు. 1779లో హాలిఫాక్స్‌లో పీస్ హాల్ అని బట్టల తానులు అమ్ముకోవడానికి పెద్ద అంగడి కట్టారంటే నేతపని ఎంత ఉండేదో చూడండి.

ఆ ప్రాంతపు పాత పేర్లు వెతికేవాళ్లకి పెద్ద ఆసరా వేక్‌ఫీల్డ్ మేనర్ (మన జమీందారీలాంటిది) కోర్టు రికార్డులు. 1274 నుంచీ ఉన్నాయి. ఎవరు ఎవరి గట్టు తొక్కారు, ఎవరి పశువు ఎవరి చేలో పడింది, ఎవరు జరిమానా కట్టారు. మన కరణాల కవిలెకట్టలు ఆ కాలానివి మిగిలి ఉంటే ఎలా ఉండేవో అలాగన్నమాట. 1379 నాటి తలపన్ను జాబితాలు వెస్ట్ రైడింగ్‌వి చాలామటుకు దక్కాయి. 1538లో థామస్ క్రామ్‌వెల్ ఆజ్ఞతో చర్చిల్లో పెళ్లిళ్లూ పురుళ్లూ చావులూ రాయడం మొదలైంది. 1837 జూలై నుంచి ప్రభుత్వ రిజిస్ట్రేషను. ఇన్ని మెట్లున్నాయి. పటంలో వీటిలో ఒక్కదాని పేరు లేదు, 1066 మాత్రం మూడు చోట్ల ఉంది.

మనవడిని ఆదివారం రైలెక్కి వెళ్లి చూసి రమ్మన్నాను. లీడ్స్ నుంచి హాలిఫాక్స్ దగ్గరే. గుట్ట మీంచి వీడియోకాల్ చేశాడు. "ఇక్కడేం లేదు తాతగారూ, రాతిగోడలూ, గాలీ. చెవులు ఎగిరిపోతున్నాయి" అన్నాడు. ఆ గాలిలోనే కాసేపు ఫోను పట్టుకుని చుట్టూ తిప్పమన్నాను. రెండువేలు పెట్టి కొన్న కాగితం కంటే నాకు అదే నచ్చింది.

మ్యాపు దగ్గరికొస్తే, అసలు నేను డబ్బు పెట్టింది దీనికోసం. 1881 జనాభా లెక్కల ఆధారంగా వేశామన్నారు. అది సరైన ఎంపికే. ఆ ఏడు ఏప్రిల్ 3 రాత్రి ఎవరు ఏ ఇంట్లో పడుకున్నారో ఆ ఇంట్లో లెక్క. ఇంగ్లండు, వేల్స్ కలిపి దాదాపు 2 కోట్ల 60 లక్షల మంది. వాలంటీర్లు కూర్చుని ఆ జాబితాలన్నీ ఎత్తిరాసి పెట్టారు గనకే ఇంటిపేర్ల మ్యాపులు వేసేవాళ్లంతా ఆ సంవత్సరాన్నే పట్టుకుంటారు.

కానీ వీళ్లు రంగులు నింపిన పద్ధతి చూడండి. కౌంటీలో ఎంతమంది హెమింగ్వేలు ఉన్నారో ఆ సంఖ్యను బట్టి ముదురు రంగు, లేత రంగు. మొత్తం జనంలో ఎంత వంతో చూడలేదు. అలా చేస్తే లండన్‌కి ఏ పేరైనా రంగొస్తుంది, అక్కడ అందరూ ఉంటారు గనక. అంబాజీపేట మార్కెట్లో కొబ్బరికాయలు గుట్టలుగా ఉన్నాయి కాబట్టి అన్నీ అంబాజీపేట చెట్లవే అన్నట్టుంది వీళ్ల లెక్క. పదివేల మందికి ఎంతమంది అని వేసి ఉంటే వెస్ట్ రైడింగ్ ఒక్కటే నల్లగా కనిపించి, మిగతా దేశమంతా తెల్లగా ఉండేది. అరుదైన పేరుకి ఉన్న అందమే అది. స్మిత్ అని వేస్తే ఏం తెలుస్తుంది, ఊరూరా కమ్మరి ఉన్నాడని తెలుస్తుంది.

దానికి తోడు 1881 లెక్కల్ని ఇప్పటి హద్దుల మీద పరిచారు. వెస్ట్ రైడింగ్ అనేది పాలనలో 1974తో పోయింది, ఇప్పుడు హాలిఫాక్స్ వెస్ట్ యార్క్‌షైర్‌లో ఉంది. పాత లెక్కకి పాత హద్దు వేయాలి కదండీ. ఈ బాధ మనకి కొత్త కాదు. అమలాపురం ఏ జిల్లా అంటే ఏ ఏడాది సంగతి అడుగుతున్నారని మనం తిరిగి అడగాలి. గోదావరి జిల్లా, 1925 తర్వాత తూర్పు గోదావరి, 2022 నుంచి కోనసీమ. హెమింగ్వే గెజిటీరులో మా మేనత్తగారి పాలకొల్లు కోసం వెతికితే తాలూకాల వరసలో దొరకదు. 1904లోనే నరసాపురం తాలూకాని కృష్ణా జిల్లాలో కలిపేశారు. అది తెలీక పుస్తకంలో పేజీలు చింపేశారని నామీద పోట్లాడినవాళ్లున్నారు.

ఇంకో సంగతి వాళ్లు చెప్పనే లేదు. ఎక్కువమంది ఉన్నచోటే పేరు పుట్టిందని మ్యాపు చూడగానే అనుకుంటాం. హెమింగ్వే విషయంలో అది దాదాపు నిజమే, పెద్దగా కదలని జనం గనక. అన్నిటికీ అలా కుదరదు. కందుకూరి వీరేశలింగం పంతులుగారు పుట్టింది, పెరిగింది రాజమండ్రి. పేరు మాత్రం ఎక్కడో ఒంగోలుకి దక్షిణాన ఉన్న కందుకూరుది. పూర్వులు అక్కణ్ణించి వచ్చారు. 1881లో మన దగ్గర అలాంటి మ్యాపు వేసి ఉంటే పంతులుగారు రాజమండ్రిలో ఒక చుక్క అయ్యేవారు. పొలానికి ఒక్క కుటుంబమే ఉన్న హాలిఫాక్స్ కొండల్లో సరేగాని, నిండు ఊళ్లో ఉన్నవాడికి ఊరిపేరు పెట్టి ఎవడూ పిలవడు. వలసవచ్చినవాడికే అది అంటుకుంటుంది. అందుకని ఒక్క రాత్రి లెక్కతో ఆగకుండా చర్చి రిజిస్టర్లూ, తలపన్ను జాబితాలూ పట్టుకుని వెనక్కి నడవాలి. నడిస్తే చుక్కలు తగ్గుతూ తగ్గుతూ ఒక గుట్ట దగ్గర ఆగుతాయి.

ఒకే మూలం ఉన్న పేర్లలో రక్తసంబంధం కూడా కనబడుతుందని ఆక్స్‌ఫర్డ్‌లో బ్రయన్ సైక్స్ అనే శాస్త్రవేత్త 2000లో తన ఇంటిపేరు మీదే పరీక్ష పెట్టి చూపించాడు. సైక్స్ కూడా యార్క్‌షైర్ పేరే. 48 మంది సైక్స్‌ల డీఎన్‌ఏ చూస్తే సగానికి కాస్త తక్కువమందికి తండ్రివైపు నుంచి దిగే వై క్రోమోజోము ఒకే రకంగా ఉంది. సంబంధం లేని వాళ్లలో అలా రాదు. మిగతా సగం ఏమయ్యారంటే, దత్తతలు, అల్లుళ్లు పేరు మార్చుకోవడం, ఇంకా మనం పైకి అనుకోని సంగతులు. ఇల్లరికం తెలిసిన మనకి వివరించనక్కర్లేదు.

పటంలో నాకు పనికొచ్చింది కింద మూలన చిన్న అక్షరాల్లో ఇచ్చిన స్పెల్లింగుల జాబితా. ఒక ఎమ్ తో, రెండు ఎమ్ లతో, మధ్యలో ఐ బదులు ఈ తో, ఇలా. ఇది చాలా ముఖ్యం. రాసే గుమాస్తా చెవికి ఎలా వినబడితే అలా రాసేవాడు, చెప్పేవాడికి చదువు రాదు. ఒక్క రూపం మీదే వెతికితే సగం మనుషులు తప్పిపోతారు. మా అన్నదమ్ముల ముగ్గురి ఇంటిపేరూ ఆధార్‌లో ఇంగ్లీషులో మూడు రకాలుగా ఉంది, వందేళ్ల తర్వాత ఎవడైనా వెతికితే మేం మూడు వంశాలం.

లండన్ రంగు గురించీ, హద్దుల గురించీ కంపెనీకి మనవడి చేత మెయిల్ రాయించాను. "మీ వారసత్వం మీద మీకున్న ఆసక్తికి ధన్యవాదాలు" అని జవాబొచ్చింది. హెమింగ్వేలు నా వారసత్వం కాదండీ బాబూ, గెజిటీరు మాత్రమే నాది! డబ్బు వాపసు లేదన్నారు.

కొనాలా వద్దా అంటే, ఆ పేరున్న స్నేహితుడికి పుట్టినరోజు కానుకగా గోడకి తగిలించే బొమ్మ కావాలంటే కొనండి, అందంగానే ఉంది. తెలుసుకోవడానికైతే వద్దు. 1881 జాబితా ఫ్యామిలీసెర్చ్ అనే వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతుంది, లాగిన్ అయితే చాలు. 1837 తర్వాతి జననాలూ పెళ్లిళ్లూ మరణాల సూచికలు ఫ్రీబీఎండీ అనే వెబ్‌సైటులో వాలంటీర్లు ఎక్కించారు, దానికీ రూపాయి అక్కర్లేదు. ఒకే ఇంటిపేరు పట్టుకుని జీవితమంతా వెతికేవాళ్లకి గిల్డ్ ఆఫ్ వన్-నేమ్ స్టడీస్ అని ఒక సంఘమే ఉంది, 1979లో పెట్టారు. మీ పేరు వాళ్ల జాబితాలో ఉంటే మీ పని సగం అయిపోయినట్టే. మన ఇంటిపేర్లకి ఇలాంటి సంఘం పెడితే సభ్యత్వం మొదటి రసీదు నాకు రాయండి.

రీడింగురూములో ప్రస్తుతానికి డాలు బొమ్మ ఉన్న పైభాగం కత్తిరించేసి, మ్యాపు తీసేసి, స్పెల్లింగుల జాబితా మాత్రం ఉంచాను. మనవడు ఇప్పుడు ఊపు మీదున్నాడు, 1878లో గోదావరి జిల్లా మీద పుస్తకం రాసిన హెన్రీ మోరిస్ పేరుకి కూడా ఒకటి తెప్పిద్దామా అంటున్నాడు. మోరిస్‌కి వద్దన్నాను. వేల్స్ నిండా, పక్క కౌంటీల నిండా మోరిస్‌లే, మ్యాపంతా ఒకే రంగుంటుంది. ఎగువ గోదావరిలో పడవలు నడిపే పనులు చూసిన ఎఫ్. టి. హేగ్ ఉన్నాడు, ఆ పేరు స్కాట్లండ్ సరిహద్దులో ట్వీడ్ నది పక్కన బెమర్‌సైడ్ అనే చోటుతో ముడిపడింది. దాన్ని చూడమన్నాను, కార్డు బయటికి తీయకుండా.