నాలుగు క్యాంపస్‌లకు ఒకే సాఫ్ట్‌వేర్: ఏడేళ్లు వాడిన తర్వాత

మళ్లీ పాత పద్ధతికి వెళ్తారా అని అడిగితే వెళ్లనంటాను. ఈ మాట ముందే ఎందుకు చెప్తున్నానంటే కింద ఫిర్యాదులు చాలానే ఉన్నాయి, అవి చదివి ఎవరూ వెనక్కి తగ్గకూడదు. నాలుగు క్యాంపస్‌లున్న విశ్వవిద్యాలయంలో, వాటిలో అన్నిటికన్నా చిన్నదాంట్లో, అకౌంట్స్ సెక్షన్ చూస్తాను. ఫీజులు, బిల్లులు, జీతాలు, గ్రాంట్ల లెక్కలు మా బల్లల మీదుగానే వెళ్తాయి. నాలుగు క్యాంపస్‌లకూ ఉమ్మడిగా తెచ్చిన వ్యవస్థను మొదటి రోజు నుంచి వాడుతున్నాను. అది రాకముందు వేసిన కమిటీలో మా క్యాంపస్ తరఫున కూర్చున్నాను కూడా.

నేను ఉద్యోగంలో చేరినప్పుడు మా సెక్షన్‌లో నల్ల తెర మీద ఆకుపచ్చ అక్షరాలే. 24 వరుసలు, వరుసకు 80 అక్షరాలు. వెనక నడిచేది కోబాల్ ప్రోగ్రాము. 1959లో పుట్టిన భాష అయినా లెక్కల పనిలో దానికి వంక పెట్టలేం. మౌస్ అక్కర్లేదు. బిల్లు ఎంట్రీ చేసేటప్పుడు చూపు కాగితం మీదే ఉండేది, వేళ్లు వాటి పని అవి చేసుకుపోయేవి. రోజంతటి ఎంట్రీలను ఒకేసారి లెక్కగట్టే బ్యాచ్ రాత్రి నడిస్తే పొద్దుటికి లెడ్జర్ సిద్ధం. ఇవాళ కట్టిన ఫీజు రేపు గానీ కనపడదు, మా వరకు పెద్ద లోటు అదే.

తర్వాత దాని మీద బ్రౌజర్ ఫారాలు వేశారు. అవి తెరుచుకోవాలంటే బ్రౌజర్‌కు జావా ప్లగిన్ అనే అదనపు ప్రోగ్రాము తగిలించి ఉండాలి. 2015 సెప్టెంబరులో క్రోమ్ ఆ ప్లగిన్లను పూర్తిగా తీసేసింది. 2017 మార్చిలో ఫైర్‌ఫాక్స్ కూడా జావాకు తలుపు మూసింది. ఇక మాకు మిగిలింది ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ ఒక్కటే. సెక్షన్ మూలన ఒక కంప్యూటర్ పెట్టి, దాని మీద ‘అప్‌డేట్ చేయవద్దు’ అని కాగితం అంటించాం. అందరి జీతాలు, బ్యాంకు ఖాతా నంబర్లు ఉన్న చోటికి వెళ్లే దారి, భద్రతా సవరణలు ఆగిపోయిన ఆ ఒక్క యంత్రం. రోజూ దాని ముందు కూర్చున్నప్పుడల్లా నాకు గుండెలో దడగానే ఉండేది.

ఇది మా క్యాంపస్ కథ. మిగతా మూడు చోట్లా ఇదే సాఫ్ట్‌వేర్ ఉండేది, పేరుకి. ఎవరి సర్వర్ వాళ్లది, ఎవరి మార్పులు వాళ్లవి. ఇరవై ఏళ్లలో నాలుగూ నాలుగు దారులు పట్టాయి. ఒక విద్యార్థి ఒక క్యాంపస్ నుంచి ఇంకో క్యాంపస్‌కి మారితే అక్కడ కొత్త నంబరు పుట్టేది, ఇక్కడ కట్టేసిన ఫీజు అక్కడ బకాయిగా కనపడేది. రసీదు నకళ్లు పట్టుకుని ఆ పిల్లలు కిటికీ దగ్గర నిలబడడం నేను ఎన్నోసార్లు చూశాను. ఉమ్మడి వ్యవస్థ కావాలని నేను గట్టిగా పట్టుబట్టడానికి అసలు కారణం వాళ్లే.

ఏది కొనాలి, కొనాలా, మనమే రాయించుకోవాలా అన్న చర్చ చాలాకాలం సాగింది. నాకు అందులో పెద్దగా గొంతు లేదు. కానీ ఈ రంగం చరిత్ర చదివాక ఒక ప్రశ్న మాత్రం పదే పదే వేశాను: ఈ కంపెనీ రేపు ఎవరి చేతిలో ఉంటుంది? సంస్థలకు జీతాలు, లెక్కల సాఫ్ట్‌వేర్ అమ్మే పీపుల్‌సాఫ్ట్‌ను 2005లో ఒరాకిల్ కొనేసింది. పీపుల్‌సాఫ్ట్‌ను స్థాపించిన డేవ్ డఫీల్డ్ అదే ఏడాది అనీల్ భుస్రీతో కలిసి అదే రంగంలో వర్క్‌డే అనే కంపెనీ మొదలుపెట్టాడు. విశ్వవిద్యాలయాలకు సాఫ్ట్‌వేర్ అమ్మే డేటాటెల్, సన్‌గార్డ్ హయ్యర్ ఎడ్యుకేషన్ 2012లో కలిసి ఎలూషియన్ అయ్యాయి. విశ్వవిద్యాలయాలే చేతులు కలిపి సొంతంగా రాసుకుందామని 2004లో మొదలుపెట్టిన కువాలీ ప్రాజెక్టు కూడా పదేళ్లకు వాణిజ్య కంపెనీ దారి పట్టింది. అందుకే ఒప్పందంలో మన డేటాను మనం ఎప్పుడంటే అప్పుడు, చదవగలిగే రూపంలో, పూర్తిగా వెనక్కి తీసుకునే హక్కు రాయించుకోవాలని అడిగాను. రాయించారు. ఇప్పటిదాకా దాని అవసరం పడలేదు. అయినా ఆ పేజీ నా దగ్గర ఒక నకలు ఉంచుకున్నాను.

అసలు పని సాఫ్ట్‌వేర్ రాకముందే జరిగింది. నెలల తరబడి నాలుగు క్యాంపస్‌ల వాళ్లం ఒకే గదిలో కూర్చుని మాటల అర్థాలు తేల్చుకున్నాం. ‘విద్యార్థి’ అంటే ఎవరు? పరీక్షల విభాగానికి పేరు నమోదైతే విద్యార్థే. మాకు ఫీజు కడితేనే. లైబ్రరీకి కార్డు ఉంటే చాలు. కోర్సు మధ్యలో ఏడాది ఆగినవాళ్లు ఉన్నట్టా లేనట్టా? ఈ ఒక్క మాటకే మూడు సమావేశాలు పట్టాయి. విసుగొచ్చి లేచి వెళ్లిపోయినవాళ్లున్నారు. కానీ అంతకుముందు ఏటా ఒకే విశ్వవిద్యాలయం నుంచి మూడు రకాల విద్యార్థుల సంఖ్యలు బయటికి వెళ్లేవి. ఆ సమావేశాల తర్వాత ఆ గొడవ పోయింది. ఏ సంఖ్య అడుగుతున్నారో చెప్తే చాలు, నలుగురూ ఒకటే జవాబిస్తారు.

ఖాతాల కోడ్లది ఇంకా పెద్ద తంటా. పాత కోడ్‌లో క్యాంపస్, విభాగం, నిధి, ఖర్చు రకం అన్నీ ఒకే పొడుగాటి అంకెలో ఇరికించి ఉండేవి. చోటు చాలనప్పుడల్లా ఎవరో ఒకరు ఒక అంకెకు కొత్త అర్థం ఇచ్చేశారు. మా దగ్గర ఏడో స్థానంలో 9 ఉంటే ఇంకా ఎటూ తేలని మొత్తమని అర్థం. పక్క క్యాంపస్‌లో అదే 9 బయటి నిధి. ఈ సంగతి ఏ ఫైల్లోనూ రాసి లేదు. మా సీనియర్ సూపరింటెండెంటుగారి చేతి నోట్‌బుక్‌లో ఉంది. ఆయన రిటైరయ్యే ముందు ఆ నోట్‌బుక్ నాకిచ్చి, ‘అమ్మా, ఇది పోగొట్టకు’ అన్నారు. ఆ నోట్‌బుక్ లేకపోతే మా పాత లెక్కల్లో కొంత భాగం కొత్త వ్యవస్థలోకి తప్పుగా వెళ్లేది, అందులో సందేహం లేదు. కొత్త పద్ధతిలో క్యాంపస్‌కి ఒక గడి, విభాగానికి ఒకటి, నిధికి ఒకటి, ఖర్చుకి ఒకటి. ఒక దాని అర్థం ఇంకో దాంట్లోకి పాకదు. నాలుగు క్యాంపస్‌ల కెమిస్ట్రీ విభాగాల ఖర్చు కలిపి చూడాలంటే అప్పట్లో వారం పట్టేది, ఇప్పుడు ఒక రిపోర్టు తీస్తే వస్తుంది.

డేటా మార్చేటప్పుడు దెబ్బలు బాగానే తిన్నాం. ఇంటిపేరు లేకుండా ఒక్క పేరే ఉన్న మనుషులకు కూడా ఇంటిపేరు గడి తప్పనిసరి చేశారు, దాంతో కొందరికి చుక్క, కొందరికి గీత, కొందరికి అదే పేరు రెండుసార్లు వచ్చింది. పుట్టినతేదీ తెలియని పాత రికార్డుల్లో 01-01-1900 అని ఉంది, కొత్త వ్యవస్థ దాన్ని నిజమని నమ్మింది. సున్నాతో మొదలయ్యే ఉద్యోగి నంబర్లను స్ప్రెడ్‌షీట్‌లో తెరవగానే ముందున్న సున్నాలు ఎగిరిపోయాయి. అన్నిటికన్నా నన్ను భయపెట్టింది ఇంకొకటి. పాత ఫీజు రికార్డులను పాత రకం ఎక్సెల్ ఫైల్లోకి ఎక్కించారు. ఆ రూపంలో షీట్‌కి 65,536 వరుసలే పడతాయి. మిగతావి రానేలేదు, ఎవరికీ తెలియనూ లేదు. మొత్తం సొమ్ము కలిపి చూసినప్పుడు తేడా వచ్చింది గనక పట్టుకోగలిగాం. డేటా పంపినవాళ్లు, అందుకున్నవాళ్లు ఇద్దరూ వరుసల సంఖ్య, మొత్తం సొమ్ము విడివిడిగా రాసి సంతకం పెట్టాలన్న నియమం ఆ రోజు నుంచే వచ్చింది.

జీతాలకు మూడు నెలలు పారలల్ రన్ చేశాం. పాతది, కొత్తది రెండూ నడిపి మనిషి మనిషికీ పోల్చడం. మొదటి నెల తేడాలు చూసి కళ్లు తిరిగాయి. చాలావరకు చిన్న చిన్నవే. పాత ప్రోగ్రాము ఒక్కో అలవెన్సును విడిగా దగ్గరి పూర్తి అంకెకు సవరించేది, కొత్తది అన్నీ కలిపాక చివర్లో ఒక్కసారి చేసేది. మిగిలిన వాటిలో కొన్ని పాత వ్యవస్థ తప్పులే. ఏళ్ల తరబడి ఒక సెలవు కోత తప్పుగా పడుతోందని అప్పుడే బయటపడింది. ఆ ఉద్యోగులకు రావలసినది లెక్కగట్టి ఇప్పించాం. పారలల్ రన్ ఒక నెలకు కుదించమని పైనుంచి ఒత్తిడి వచ్చింది, మా కమిటీ ఒప్పుకోలేదు. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ ప్రాజెక్టులో మేం తీసుకున్న అత్యుత్తమ నిర్ణయం అదేనంటాను.

ఇక రోజువారీ వాడకం. నాకు బాగా నచ్చింది ప్రతి ఎంట్రీకీ ‘ఏ తేదీ నుంచి అమలు’ అని ఉండడం. జీతం పెంపు ఉత్తర్వు ఆలస్యంగా వచ్చినా, వెనకటి తేదీ వేస్తే ఆ నాటి నుంచి రావలసిన తేడా అదే లెక్కగడుతుంది. పాత విలువ చెరిగిపోదు. ఆడిటర్ వచ్చి, మూడేళ్ల కింద ఫలానా నాడు ఈ మనిషి ఏ హోదాలో ఉన్నాడని అడిగితే ఒక్క తెరలో చూపిస్తాను. ఎవరు మార్చారో, ఎప్పుడు మార్చారో కూడా ఉంటుంది. ఐదు లాగిన్ల బదులు ఒకటే లాగిన్. క్యాంపస్ మారిన విద్యార్థికి నంబరు మారదు, కట్టిన ఫీజు అలాగే కనపడుతుంది. ఆ కిటికీ దగ్గర ఇప్పుడు ఆ వరుస లేదు.

నచ్చనివి. మొదటిది వేగం. పాత తెర మీద ఒక బిల్లు ఎక్కించేంతలో కొత్తదాంట్లో సగం కూడా అవ్వదు. ఐదు ట్యాబులు, ప్రతి దాంట్లో మౌస్. కీబోర్డు షార్ట్‌కట్లు కావాలని ఫిర్యాదు టికెట్ మీద టికెట్ వేశాం, మూడేళ్లకు వచ్చాయి. డెమోలో తెరలు చూసి మెచ్చుకున్నవాళ్లలో రోజుకు వంద బిల్లులు ఎక్కించేవాళ్లు ఒక్కరూ లేరు. ఆ వంద బిల్లుల మనిషిని డెమోలో కూర్చోబెట్టి, గడియారం పెట్టి చూడాల్సింది.

రెండోది చిన్న క్యాంపస్‌కు ప్రత్యేకమైన ఇబ్బంది. ఎంట్రీ చేసినవాళ్లే అప్రూవ్ చేయకూడదన్న నియమం మంచిదే, డబ్బు విషయంలో ఉండాల్సిందే. కానీ మా దగ్గర ఆ పనికి ఉన్నదే ఇద్దరు. ఒకరు సెలవు పెడితే బిల్లులు ఆగిపోతాయి. పెద్ద క్యాంపస్‌లో పదిమంది ఉంటారు గనక ఈ ప్రశ్న వాళ్లకు తట్టనే లేదు. రెండేళ్లు పోరాడాక, ఒక క్యాంపస్ బిల్లును ఇంకో క్యాంపస్ అధికారి అప్రూవ్ చేసే వీలు కల్పించారు. వ్యవస్థ ఉమ్మడిదైనప్పుడు ఆ వీలు మొదటి రోజే ఉండాలి కదా! 1968లో మెల్విన్ కాన్వే అనే అమెరికన్ కంప్యూటర్ శాస్త్రవేత్త ఒక వ్యాసంలో చెప్పిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది: ఏ సంస్థ తయారుచేసే వ్యవస్థ అయినా అక్కడి మనుషులు తమలో తాము మాట్లాడుకునే తీరునే పోలి ఉంటుంది. డిజైన్ చేసిన గదిలో మాట పెద్ద క్యాంపస్‌ది, అందుకే తెరలూ వాళ్ల పనికే సరిపోయాయి.

మూడోది, పడితే అందరం కలిసే పడతాం. మొదటి ఏడాది ఫీజు గడువు నాలుగు క్యాంపస్‌లకూ ఒకే రోజు పెట్టారు. ఆ మధ్యాహ్నం వ్యవస్థ మొత్తం నిలిచిపోయింది. గడువు పొడిగించి, మరుసటి ఏటి నుంచి తేదీలు విడగొట్టారు. కంపెనీ పంపే పెద్ద అప్‌డేట్లు కూడా మన క్యాలెండర్ చూసుకుని రావు. సంవత్సరాంతపు లెక్కలు మూసే వారంలో రిపోర్టు తెరలు మారిపోయిన రోజు నాకింకా గుర్తే.

కొత్త నియమానికి వ్యవస్థలో చోటు లేనప్పుడు మనుషులు మళ్లీ స్ప్రెడ్‌షీట్‌లోకి వెళ్లిపోతారు. మా సెక్షన్‌లోనూ అలాంటివి రెండుండేవి. ఒకటి గ్రాంట్ల బాకీలది, ఇంకోటి పార్ట్‌టైమ్ వాళ్ల గంటలది. వాటిని తప్పుగా చూడకుండా, వ్యవస్థ ఎక్కడ చాలడం లేదో చెప్పే జాబితాగా తీసుకోమని కమిటీకి రాశాను. గ్రాంట్లది ఈ ఏడాది లోపలికి తీసుకున్నారు. గంటలది ఇంకా అలాగే ఉంది.

ఇలాంటి పని మొదలుపెట్టబోయేవాళ్లు నన్ను అడిగితే, బడ్జెట్‌లో లైసెన్సులకు రాసినంత శ్రద్ధగా మనుషుల సమయానికీ రాయమంటాను. మా సెక్షన్ వాళ్లు రోజు పని చేస్తూనే సాయంత్రాలు డేటా దిద్దారు. వాళ్ల చోట తాత్కాలికంగా ఎవరినీ ఇవ్వలేదు. ఇద్దరు ఆరోగ్యం పాడుచేసుకున్నారు, ఒకరు బదిలీ అడిగి వెళ్లిపోయారు. నాకు ఈ ప్రాజెక్టులో బాధ మిగిలిందంటే అక్కడే.

పాత సర్వర్‌ను చదవడానికి మాత్రమే వీలుగా ఉంచారు. కొత్తదాంట్లోకి పదేళ్ల రికార్డులే తెచ్చుకున్నాం. అంతకుముందువి అక్కడే ఉన్నాయి. పోయిన నెల రిటైరైన ఒక అటెండరుగారి మొదటి ఎనిమిదేళ్ల సర్వీసు కొత్త తెరలో కనపడలేదు. నోట్‌బుక్ తీసి, పాత కోడు పట్టుకుని, నల్ల తెర మీద వెతికితే మొత్తం దొరికింది, పెన్షన్ కాగితాలు కదిలాయి. అదే వారం ఆ సర్వర్‌ను ఎప్పుడు ఆపేద్దామని కేంద్ర కార్యాలయం నుంచి లేఖ వచ్చింది. ఆ పాత సర్వీసు రికార్డులన్నీ ఇవతలికి తెచ్చి, నలుగురం సరిచూసి సంతకాలు పెట్టాకే ఆపండని జవాబు రాశాను. నోట్‌బుక్‌ను కూడా పేజీ పేజీ స్కాన్ చేసి ఆ లేఖకు జతచేశాను.